బ్లోయర్ మోటర్ పోయిందన్నారు, సగమే నిజం

డిసెంబర్ వచ్చిందంటే వైజాగ్‌లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు లంబసింగి వెళ్దాం అంటారు, మా ఇంట్లో ఈసారి మా బావమరిది అన్నాడు. చెరువులవేనం కొండెక్కి తెల్లారేసరికి మబ్బులు చూడాలంటే ఇక్కడ రాత్రి రెండింటికే బయల్దేరాలి, 100 కిలోమీటర్ల పైమాటే, అందులో నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు. కారులో నేను, మా ఆవిడ, బావమరిది, వాళ్ళావిడ, మధ్యలో మా బుడ్డోడు. నర్సీపట్నం దాకా బానే ఉంది. ఘాట్ మొదలయ్యాక బయట చలి, లోపల అయిదుగురి ఊపిరి, అద్దానికి లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేసింది, సర్లే అని బ్లోయర్, అంటే డ్యాష్‌బోర్డ్ లోంచి గాలి తోసే ఫ్యాన్, తిప్పితే చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎక్కడ పెట్టినా లేదు. నాబ్‌ని ఎర్రగీత చివరిదాకా తిప్పాను, ఇంజన్ వేడిగానే ఉంది, డ్యాష్‌బోర్డ్ వెనక చిన్న రేడియేటర్ లాంటి హీటర్ కోర్‌లో వేడినీళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కానీ ఆ వేడిని అద్దం మీదకి తోయాల్సింది ఆ ఫ్యానే కదా. పోనీ ఏసీ వేస్తే తేమన్నా లాగుతుంది అనుకుంటే, బ్లోయర్ స్విచ్ నుంచి సిగ్నల్ వెళ్తేనే కంప్రెసర్ పట్టుకుంటుంది మా కారులో, పట్టుకున్నా గాలి లేకుండా చేసేదేం లేదు. చివరికి బావమరిది బుడ్డోడి టవల్‌తో మలుపు మలుపుకీ అద్దం తుడుస్తూ, నేను కిటికీ సగం దించుకుని వణుకుతూ, 20 స్పీడులో కొండెక్కాం. మబ్బులు బాగానే కనబడ్డాయి. వాళ్ళావిడ మాత్రం రిటర్న్‌లో బస్సులో వస్తానంది.

కారు సంగతి కొంచెం చెప్పాలి. 2004 మోడల్ హ్యాచ్‌బ్యాక్, నాన్న రిటైరయ్యే ముందు కొన్నది, కంపెనీ పేరు వద్దులెండి, ఇరవై ఏళ్ళు తిరిగిన బండిని పట్టుకుని కంపెనీని అనడం న్యాయం కాదు. ఈ బ్లోయర్ గోల కూడా ఒక్కసారిగా రాలేదు. రెండేళ్ళ కిందట ఒకటి, రెండు, మూడు స్పీడులు పోయి నాలుగు మాత్రమే పనిచేసేది, తిరిగితే తుఫాను, లేదంటే ఏమీ లేదు. అప్పుడు ఒక మెకానిక్ పావుగంటలో సరిచేసి 300 తీసుకున్నాడు, అన్ని స్పీడులూ వచ్చేశాయి, దేవుడే దిగొచ్చాడనుకున్నా. ఈ వానాకాలం నుంచి కొత్త వేషం మొదలుపెట్టింది, ఉన్నట్టుండి ఆగిపోయి, ఏదన్నా గుంతలో పడితే మళ్ళీ తిరిగేది. గుంతలకేం తక్కువ కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

లంబసింగి నుంచి వచ్చిన ఆదివారం సొంతంగా చూద్దామని కూర్చున్నా. యూట్యూబ్ చూసి ధైర్యం వచ్చింది, 400 పెట్టి కొన్న మల్టీమీటర్ ఉంది, ఇంకేం కావాలి.

ముందు ఈ సర్క్యూట్ ఎలా ఉంటుందో చెప్తా, ఇది అర్థమైతే మిగతాదంతా కథే. బ్యాటరీ ప్లస్ నుంచి ఇగ్నిషన్, రిలే, ఫ్యూజ్ మీదుగా కరెంట్ నేరుగా మోటర్‌కి వచ్చేస్తుంది. స్విచ్ ఉండేది మోటర్‌కి ముందు కాదు, తర్వాత. అంటే మోటర్‌లోంచి బయటికొచ్చిన కరెంట్ రెసిస్టర్ మీదుగా మనం తిప్పే స్విచ్‌కి, అక్కణ్ణుంచి బాడీ ఎర్త్‌కి, అంటే బ్యాటరీ మైనస్ కలిసుండే కారు రేకుకి, పోతుంది. ఇలా ఎర్త్ వైపు స్విచ్ పెట్టిన పాత కార్లు చాలానే ఉన్నాయి, కొన్నిట్లో ప్లస్ వైపే ఉంటుంది, అందుకే మీ బండిది ఏదో ముందు తేల్చుకోండి. మాదాంట్లో కీ ఆన్ చేసి బ్లోయర్ ఆఫ్‌లో పెట్టినా మోటర్ రెండు వైర్ల దగ్గరా 12 వోల్టులు కనిపిస్తాయి, అది తెలియక చాలామంది షార్ట్ అయిందనుకుంటారు. రెసిస్టర్ అంటే పింగాణీ ముక్క మీద చుట్టిన మూడు నిక్రోమ్ స్ప్రింగులు, అచ్చం పాత కరెంటు పొయ్యిలో కాయిల్‌లా ఉంటాయి, దాన్ని కావాలనే గాలి వచ్చే దారిలోనే బిగిస్తారు, బ్లోయర్ గాలే దాన్ని చల్లారుస్తుంది. ఒకటో స్పీడులో మూడు కాయిళ్ళూ, రెండులో రెండు, మూడులో ఒకటి, నాలుగులో అసలు రెసిస్టరే లేకుండా డైరెక్ట్. మధ్యలో చిన్న థర్మల్ ఫ్యూజ్ ఒకటి టంకం వేసి ఉంటుంది, కాయిళ్ళు మరీ వేడెక్కితే అది తెగిపోతుంది. అందుకే కింది మూడు స్పీడులూ కలిసికట్టుగా పోయి నాలుగు మాత్రం ఉందంటే నూటికి తొంభై అదే. ఒక్క స్పీడు మాత్రమే పోతే ఒక కాయిల్ తెగిందో స్విచ్‌లో ఆ ఒక్క పట్టీ కాలిందో చూసుకోవాలి. నాలుగూ పోతేనే ఫ్యూజ్, రిలే, మోటర్, ఎర్త్ దాకా వెళ్ళాలి. ఆటో క్లైమేట్ ఉన్న కొత్త బళ్ళలో రెసిస్టర్ బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది, వాటికి ఈ లెక్క పనిచెయ్యదు.

నేను చేసిన ఘనకార్యం ఇది. ఫ్యూజ్ పీకి చూశా, ఆకుపచ్చ రంగు 30 ఆంప్స్ ఫ్యూజ్, బానే ఉంది, మళ్ళీ పెట్టేశా. ఆ పచ్చ ఫ్యూజ్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించుంటే కథ అక్కడే సగం తేలిపోయేది, కానీ ఆగలేదు. గ్లవ్‌బాక్స్ ఊడదీసి, కిందనుంచి మోటర్ కప్లర్, అదే వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు, పీకి, స్విచ్ నాలుగులో పెట్టి, కప్లర్‌లో రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టా. 12.4 వోల్టులు. అంటే కరెంట్ మోటర్ దాకా వస్తోంది, మోటర్ తిరగట్లేదు, కాబట్టి మోటర్ పోయింది. అంతకుముందు రోజు ఫోన్లో ఫోటో చూసిన మరో మెకానిక్ కూడా అదే అన్నాడు, "మోటర్ పోయింది సార్, మార్చేద్దాం" అని. ఇద్దరు డాక్టర్లు ఒకే మాట చెప్తే ఇంకేముంది, గాజువాక ఆటోనగర్ వెళ్ళి 2,200 పెట్టి కొత్త మోటర్ తెచ్చా, వీల్‌తో సహా. షాపులో బోర్డు కూడా ఉంది, ఎలక్ట్రికల్ ఐటమ్స్ వాపస్ తీసుకోబడవు అని, నన్నుద్దేశించే రాసినట్టున్నారు.

పాత మోటర్ దించితే దాంతోపాటు ఒక చిన్న అడవి దిగింది. కారు రోజూ కానుగ చెట్టు కింద పెడతాం, ఎండాకులన్నీ వైపర్ల కింది జల్లెడలోంచి లోపలికి జారాయి. వేరుశనగ తొక్కలు, సోఫాలోంచి పీకిన స్పాంజి, ఇంకా చెప్పకూడనివి కొన్ని. ఈ రకం ఫ్యాన్ వీల్‌ని స్క్విరల్ కేజ్, అంటే ఉడత పంజరం, అంటారు, మాదాంట్లో ఉడత లేదుగానీ ఎలుక కాపురం చేసి వెళ్ళింది. అదంతా వ్యాక్యూమ్‌తో లాగి, కొత్త మోటర్ బిగించి, మా ఆవిణ్ణి పిలిచి మరీ స్విచ్ తిప్పా.

తిరగలేదు.

అప్పుడొచ్చారు మా ఎదురింటి బాబాయ్ గారు. స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు, సాయంత్రం వాకింగ్‌కి పోతూ నా కాళ్ళు కారు బయట, తల డ్యాష్‌బోర్డ్ కింద ఉండటం చూసి ఆగారు. విషయం చెప్పా. "పాత మోటర్ ఏదిరా" అన్నారు. అట్టపెట్టెలోంచి తీసిచ్చా. బోనెట్ తెరిపించి, రెండు వైరు ముక్కలతో దాన్ని నేరుగా బ్యాటరీకి తగిలించారు, గిర్రుమని తిరిగి ఆయన చేతిలోంచి ఎగరబోయింది. నా 2,200 నా కళ్ళముందే గాల్లో తిరిగినట్టనిపించింది.

"ఏటి చూసి పోయిందన్నావు?"

"పన్నెండు వోల్టులు వస్తోంది బాబాయ్ గారూ, మీటర్‌లో చూశాను."

"కప్లర్ పీకి చూశావా, పెట్టుండగా చూశావా?"

"పీకి."

"అలగ చూస్తే ఏటి తెలుస్తాదిరా బాబూ, లోడ్ మీద చూడాలి గానీ."

నాకు ఆ రోజు దాకా అర్థం కాని విషయం ఇదే. డిజిటల్ మీటర్ లోపల 10 మెగా ఓమ్‌ల దాకా అడ్డు ఉంటుంది, అది లాగే కరెంట్ లేనట్టే లెక్క. దారిలో ఎక్కడో ఒక పిన్ను కాలిపోయి మసి మాత్రమే మిగిలినా, ఆ మసిలోంచి మీటర్‌కి కావలసిన పిసరంత కరెంట్ పాకుతూ వచ్చేస్తుంది, మీటర్ మాత్రం దర్జాగా 12.4 చూపిస్తుంది. అదే దారిలో మోటర్ 12, 13 ఆంప్స్ అడిగితే అక్కడ చేతులెత్తేస్తుంది. పంపు తిప్పకుండా కుళాయి చివర బొట్టు వేలాడుతోంది కాబట్టి నీళ్ళున్నాయి అన్నట్టు ఉంది నా టెస్ట్. బాబాయ్ గారు అందుకే మీటర్ కంటే ముందు పాత హెడ్‌లైట్ బల్బ్ ఒకటి, 55 వాట్లది, రెండు వైర్లు అతికించి ఉంచుకుంటారట, అది 4 ఆంప్స్ పైన లాగుతుంది కాబట్టి దొంగ కనెక్షన్ దాని ముందు నిలవదు. కప్లర్‌లో పెట్టి చూపించారు, లోపలి తీగ ఎర్రబడను కూడా లేదు, ఆ పక్కనే మీటర్ పెడితే 12.4 పోయి సున్నాకి దగ్గరగా పడింది. ఎల్‌ఈడీ టెస్టర్లు ఈ పనికి దండగ, మీటర్ లాగే అబద్ధం చెప్తాయి.

తర్వాత అన్నీ యథాప్రకారం తగిలించి, కీ ఆన్, స్విచ్ నాలుగు, మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కే కట్టేసి, ఎర్ర వైరుకి గుండుసూది చుట్టి కప్లర్ల వెనకనుంచి గుచ్చుతూ వచ్చారు. మోటర్‌లోకి వచ్చే వైరు 12.1. మోటర్‌లోంచి బయటికి పోయే వైరు 11.9. "రెండు ట్యాంకుల్లో నీళ్ళు ఒకే ఎత్తులో ఉంటే మధ్య పైపులో పారతాయేటి" అన్నారు. అంటే ప్లస్ వైపు అంతా శుభ్రంగా ఉంది, దారి మూసుకున్నది ఎర్త్ వైపు. రెసిస్టర్ కప్లర్ దగ్గర 11.9. ఏసీ ప్యానెల్ ఊడదీసి స్విచ్ కప్లర్‌లో నాలుగో స్పీడు వైరు, అదీ 11.9. ఇంక మిగిలింది స్విచ్ నుంచి ఎర్త్‌కి పోయే నల్లటి లావు వైరు, అక్కడ గుచ్చితే 0.02. కప్లర్‌ని కొద్దిగా వెనక్కి లాగి స్విచ్ పిన్ను మొదట్లో తాకిస్తే 11.8.

ఒకే పిన్ను. ఇటు 11.8, అటు 0.02.

కప్లర్ మొత్తం పీకితే అప్పుడు కనబడింది. తెల్లటి ప్లాస్టిక్ ఆ ఒక్క గది చుట్టూ మాడిన బెల్లంపాకంలా గోధుమ రంగుకి తిరిగి, బుడగలు లేచి, లోపలి పిన్ను వదులై మసితో నల్లగా ఉంది, వైరు పీవీసీ అంగుళం మేర గట్టిపడి పెళుసుగా విరిగింది. దానిపక్క పిన్నుల మీద పచ్చగా చిలుము. సముద్రం గాలి ఊళ్ళో ఇరవై ఏళ్ళ రాగి ఎలా ఉంటుందో చూడాలంటే మా కారు చూడొచ్చు. గుంతలో పడ్డప్పుడు మళ్ళీ తిరగడానికి కారణం కూడా ఇదే, కుదుపుకి పిన్ను కాసేపు తగిలేది. అన్ని స్పీడుల కరెంటూ చివరికి ఈ ఒక్క పిన్నులోంచే ఎర్త్‌కి పోవాలి కాబట్టి అది పోతే నాలుగూ పోతాయి.

నేను ఆనందంగా పిన్ను మార్చేద్దామన్నా. ఆయన ఒప్పుకోలేదు, "కాలింది కనబడింది, కాల్చినోడు ఏడి?" అన్నారు. సరే అని రెసిస్టర్ కూడా పీకారు. థర్మల్ ఫ్యూజ్ ఉండాల్సిన చోట ఎవరో రాగి పోగు ఒకటి టంకం వేసి పెట్టారు. 300 రూపాయల దేవుడి మహిమ. రెసిస్టర్ వేడెక్కితే ఆపాల్సిన ఒకే ఒక్క కాపలావాణ్ణి పంపించేసి, నిప్పులా ఎర్రబడగల కాయిల్‌ని ఎండు కానుగాకుల మధ్య వదిలేశాడు, రెండేళ్ళు మేం అందులో పిల్లాణ్ణి వేసుకుని తిరిగాం. ఇది చూసి నాకు నిజంగా ఒళ్ళు చల్లబడింది. థర్మల్ ఫ్యూజ్ పోతే రెసిస్టర్ మొత్తం మార్చండి, ఇంత పెద్ద ఖర్చేమీ కాదు, 350.

ఇక ఫ్యూజ్. ఫ్యూజ్ బాక్స్ మూత వెనక బ్లోయర్ పక్కన 20 అని రాసుంది. 20 ఆంప్స్ ఫ్యూజ్ పసుప్పచ్చగా ఉండాలి, నేను చూసి "బానే ఉంది" అనుకున్నది ఆకుపచ్చది, 30. ఎవరో, ఎప్పుడో, పసుపుది మాటిమాటికీ పోతోందని పెద్దది పెట్టేశారు. అంటే మోటర్ చాలా ఏళ్ళ నుంచే ఎక్కువ కరెంట్ లాగుతోంది, ఫ్యూజ్ చెప్తూనే ఉంది, దాని నోరు మూసేశారు.

దీన్ని తేల్చడానికి మీటర్‌లో 10 ఆంప్స్ రంధ్రం వాడదామనుకున్నా, ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు, 15, 20 ఆంప్స్ అందులోంచి పంపితే మీటర్ ఫ్యూజ్ పోతుంది, చవక మీటరైతే మీటరే పోతుంది. వాళ్ళబ్బాయి సోలార్ ప్యానెళ్ళు బిగించే పనిలో ఉన్నాడు, అతని దగ్గర డీసీ క్లాంప్ మీటర్ ఉంది, వైరు కోయకుండా దాని చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది. మామూలు క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ మాత్రమే చూస్తాయి, కారుకి డీసీది ఉండాలి. ఎర్త్ వైరుని తాత్కాలికంగా స్విచ్‌కి నేరుగా కలిపి, కొత్త మోటర్ నాలుగులో పెడితే 12.6. పాత మోటర్ మళ్ళీ బిగించి, ఆకులన్నీ తీసేసిన అదే గూట్లో తిప్పితే 19. చేత్తో తిప్పి చూడమన్నారు, కొత్తది వదిలాక నాలుగైదు చుట్లు తిరుగుతోంది, పాతది అర చుట్టులో ఆగిపోతోంది. షాఫ్ట్ చుట్టూ వెంట్రుకలు, దారాలు తాడులా పేనుకుని, షాఫ్ట్ తిరిగే బుష్ ఎండిపోయి, కార్బన్ బ్రష్‌లు అరిగి మొండిగా ఉన్నాయి.

కాబట్టి మోటర్ పోయిందన్న మాట సగం నిజం. తిరుగుతోంది, కానీ తినాల్సినదానికి ఒకటిన్నర రెట్లు తింటోంది. వదులైన పిన్ను దగ్గర 0.1 ఓమ్ అడ్డు ఉందనుకోండి, 12.6 ఆంప్స్‌కి అక్కడ పుట్టే వేడి 16 వాట్లు, 19 ఆంప్స్‌కి 36 వాట్లు. మనం టంకం వేసే సోల్డరింగ్ ఐరనే 25 వాట్లు. ప్లాస్టిక్ కప్లర్ లోపల దాన్ని పెట్టి రోజూ గంట ఆన్ చేసినట్టు. నేను పిన్ను మాత్రమే మార్చుంటే మళ్ళీ కాలేది, మోటర్ మాత్రమే మార్చి ఏం జరిగిందో చూశారుగా.

ఆకులు అడ్డం పడి మోటర్ మీద లోడ్ పెరిగిందేమో అని కూడా అడిగాను, అందరూ అలాగే అంటారు. నిజానికి ఈ రకం ఫ్యాన్‌కి గాలి దారి మూసుకుంటే కరెంట్ తగ్గుతుంది, వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం అరచేత్తో మూస్తే మోటర్ కీచుమని స్పీడు పెరుగుతుంది చూడండి, అదే సంగతి, తోయడానికి గాలి లేక దానికి పని తగ్గింది. ఆకుల వల్ల నష్టం రెసిస్టర్‌కి, చల్లార్చే గాలి అందక అది ఉడికిపోతుంది. మోటర్‌ని తినేది రాపిడి.

రిపేర్ రెండో ఆదివారం చేశాం. కాలిన కప్లర్ పక్కన కత్తిరించేసి, ఆటోనగర్‌లో పాత బండి హార్నెస్ నుంచి కోసిన కప్లర్ వైర్లతో సహా 150కి దొరికింది, ఎర్త్ వైరుకి పాతదానంత లావు రాగి వైరు వేసి, క్రింప్ చేసి, టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాం. నల్ల టేప్ చుడదామంటే బాబాయ్ గారు ఊరుకోలేదు, మన ఎండలకి రెండు వేసవిల్లో జిగురు కారిపోతుంది. కాలు పెట్టే చోట పక్క ప్యానెల్ వెనక ఎర్త్ బోల్టు తీసి ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి పైన వాజలైన్ రాశాం. స్విచ్ పిన్ను కూడా నల్లబడింది కానీ రుద్దితే లోహం బానే ఉంది, ఉంచేశాం. పసుప్పచ్చ 20 ఫ్యూజ్ వేశాం. మాదాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి డ్యాష్‌బోర్డ్‌లో చెయ్యి పెట్టడానికి భయపడలేదు, మీ బండిలో ఉంటే ముందు బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగండి, పసుపు రంగు కప్లర్లు మాత్రం ముట్టుకోకండి.

అయ్యాక అరగంట నాలుగులో తిప్పి కప్లర్ మీద వేలు పెట్టి చూశా, గోరువెచ్చగా కూడా లేదు. మోటర్ రెండు చివర్ల మధ్య, ఇంజన్ ఆన్‌లో ఉండగా, 13.1. ఈ నంబర్లన్నీ తెల్ల టేప్ ముక్క మీద రాసి గ్లవ్‌బాక్స్ లోపల అంటించా, ఈసారి తేడా వస్తే పోల్చుకోడానికి. వైపర్ల కింద జల్లెడ లోపల దోమతెర ముక్క పెట్టి కట్టాం, కారు మాత్రం ఇంకా కానుగ చెట్టు కిందే పెడుతున్నాం, వేరే నీడ ఎక్కడుంది.

పాత మోటర్ బాబాయ్ గారు తీసుకెళ్ళారు. బుష్‌లో రెండు చుక్కలు ఆయిల్ వేసి, పాత స్కూటర్ బ్యాటరీ తగిలించి, మేడ మీద కుంపటి ఊదడానికి పెట్టుకున్నారు. మొన్న మొక్కజొన్న పొత్తులు కాల్చి ఒకటి మా ఇంటికీ పంపారు, బుడ్డోడు తిన్నాడు.